నానో పదార్థాల భద్రతా పరీక్షలకు ఉమ్మడి పరిశోధనా వసతులు నిజంగా అవసరమా?

ప్రశ్న

నమస్కారం. జింక్ ఆక్సైడ్ నానో రేణువులు ఊపిరితిత్తుల కణాలపై చూపే ప్రభావాన్ని నేను అధ్యయనం చేస్తున్నాను. ఇద్దరు సరఫరాదారుల నుంచి తెప్పించిన పొడుల మీద ఒకే పరిమాణం ముద్రించి ఉన్నప్పటికీ, పరీక్షా ఫలితాలకు మాత్రం పొంతన కుదరడం లేదు. ప్రచురిత పత్రాలలో కూడా ఇటువంటి వైరుధ్యాలే కనిపిస్తున్నాయి. ఈ సందర్భంలోనే ఐరోపాలో నడిచిన క్వాలిటీనానో వంటి ఉమ్మడి వసతుల గురించి చదివాను. అయితే అంత ఖర్చుతో ఉమ్మడి కేంద్రాలు నడపడం కంటే, ప్రతి ప్రయోగశాలకూ ఒక మంచి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని సమకూరిస్తే సరిపోతుందని మా విభాగంలో కొందరి వాదన. ఉమ్మడి వసతి అంటే పరికరాలు పంచుకోవడమేనా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు

పరికరాలు అందులో ఒక భాగం మాత్రమేనండి, నా దృష్టిలో అంత ముఖ్యమైన భాగం కూడా కాదు. 2011లో యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్ సారథ్యంలో మొదలైన క్వాలిటీనానో, దరఖాస్తు చేసుకున్న పరిశోధకులకు భాగస్వామ్య ప్రయోగశాలల్లో పని చేసుకునే అవకాశం కల్పించింది. దానితో పాటు ఒకే నమూనాను అనేక ప్రయోగశాలలకు పంపి, వారు కొలిచిన విలువలను పక్కపక్కన పెట్టి పోల్చే పనిని కూడా చేపట్టింది. ఎవరి సూక్ష్మదర్శిని వారికి ఉన్నంత మాత్రాన ఈ రెండో పని జరగదు.

మీ సమస్యకు వస్తే, ముందుగా పొడినే అనుమానించాలి. ఇటలీలోని ఇస్ప్రాలో ఐరోపా కమిషన్ సంయుక్త పరిశోధనా కేంద్రం పరీక్షల్లో పోలిక కోసం వాడే నమూనాలతో ఏర్పరచిన నానో పదార్థాల భాండాగారంలో జింక్ ఆక్సైడ్ రెండు రకాలుగా ఉంది. ఎన్ఎం-110కు పైపూత లేదు. ఎన్ఎం-111కు నీటిని అంటనివ్వని సిలేన్ (ఒక సిలికాన్ సమ్మేళనం) పూత ఉంది. పేరుకు రెండూ జింక్ ఆక్సైడే, నీటిలో మాత్రం దేని తీరు దానిదే. మీ పొడులలో ఒకదానికి అటువంటి పూత ఉందేమో సరఫరాదారుని అడగండి. అదీ కాక, జింక్ ఆక్సైడ్ కరిగి అయాన్లను విడుదల చేస్తుంది కనుక, కణాలు చనిపోవడానికి కారణం రేణువులా, కరిగిన జింకా అన్నది వేరుగా తేల్చాలి. రేణువులను పూర్తిగా తొలగించిన ద్రవంతోనూ, కరిగే జింక్ లవణంతోనూ అదే పరీక్షను సమాంతరంగా నడపకపోతే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

రెండవ జవాబు

పై వివరణతో ఏకీభవిస్తూ ఒక విషయం చేరుస్తాను, ఎందుకంటే పేచీ ఎక్కువగా అక్కడే వస్తుంది. పొడి ఒకటే అయినా దానిని ద్రవంలో కలిపే పద్ధతి మారితే కణాలకు చేరేది మారిపోతుంది. నానోజెనోటాక్స్ అనే ఐరోపా ప్రాజెక్టు ఇందుకు ఒక పద్ధతిని స్థిరపరచింది: పొడిని ముందుగా కొద్దిపాటి ఇథనాల్‌తో తడిపి, 0.05 శాతం బొవైన్ సీరం ఆల్బుమిన్ (పశువుల రక్తం నుంచి తీసే ప్రోటీన్) ఉన్న నీటిని చేర్చి, మిల్లీలీటరుకు 2.56 మిల్లీగ్రాముల గాఢత వచ్చేలా చూసి, మంచులో చల్లబరుస్తూ 16 నిమిషాల పాటు సోనికేటర్ (ధ్వని తరంగాలతో రేణువుల గడ్డలను విడగొట్టే పరికరం) నడపాలి. ఇక్కడ చాలామంది గమనించనిది ఏమిటంటే, సోనికేటర్ మీద పెట్టిన శాతం ద్రవానికి నిజంగా అందిన శక్తిని తెలియజేయదు. తెలిసిన పరిమాణంలో నీటిని తీసుకొని, ద్రవంలో ముంచిన సోనికేటర్ కడ్డీ (ప్రోబ్) నడుస్తుండగా ఉష్ణోగ్రత ఎంత వేగంగా పెరుగుతోందో కొలిస్తే ఆ శక్తిని లెక్కించవచ్చు. దీనికి థర్మామీటరు, గడియారం చాలు; అయినా దీనిని నివేదించే పత్రాలు తక్కువగా కనిపించడం నన్ను బాధిస్తుంది.

పరీక్షా విధానాన్ని కూడా శంకించాలి. కణాల జీవశక్తిని కొలిచే ఎంటీటీ పరీక్షలో బతికున్న కణాలు ఏర్పరచే ఫార్మజాన్ అనే రంగు స్ఫటికాలు కార్బన్ నానోట్యూబులకు అంటుకుపోయి, బతికున్న కణాలు చనిపోయినట్లు చూపిన సందర్భాలు ఉన్నాయి. కణాలు లేకుండా రేణువులు మాత్రమే ఉంచి ఒక నియంత్రణ పరీక్ష చేయడం తప్పనిసరి.

మూడవ జవాబు

ఉమ్మడి వసతుల అవసరాన్ని నేను ఒప్పుకుంటాను, కానీ వాటిని నడిపే తీరుపై నాకు అభ్యంతరం ఉంది. క్వాలిటీనానో 2015లో ముగిసింది. ఇనానోమ్యాపర్ అనే మరో ఐరోపా ప్రాజెక్టు 2014 నుంచి 2017 వరకు నానో భద్రతా సమాచార నిధిని, పదజాలాన్ని నిర్మించింది. 2018లో మొదలైన నానోకామన్స్ ప్రాజెక్టు ఆ దారిలో ముందుకు సాగింది. నాలుగేళ్ల నిధులపై ఆధారపడిన ఏర్పాటు, రేణువుల వల్ల దశాబ్దాల తరువాత బయటపడగల హాని గురించి సమాచారం భద్రపరచవలసి రావడం సరైన పొందిక కాదు. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) 2006లో నానో పదార్థాల కార్యవర్గాన్ని నెలకొల్పి, 2017లో నీటిలో నానో రేణువులు గడ్డకట్టకుండా చెదిరి నిలిచే స్థిరత్వానికి 318వ పరీక్షా మార్గదర్శకాన్ని వెలువరించింది. ఒక దేశంలో ఆ మార్గదర్శకాల ప్రకారం, మంచి ప్రయోగశాల పద్ధతులతో చేసిన పరీక్షను మిగిలిన సభ్య దేశాలు కూడా అంగీకరిస్తాయి. కనుక అదే పరీక్ష కోసం మళ్లీ జంతువులను బలిపెట్టవలసిన అవసరం తగ్గుతుంది. ప్రాజెక్టులలో తయారైన పద్ధతి ఈ స్థాయికి చేరినప్పుడే అది నిలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. పూత సంగతి రేపే విచారిస్తాను. భాండాగారం నమూనా చేతికి వచ్చేలోగా మా దగ్గరున్న పొడులతో చేసిన ఫలితాలను పక్కన పెట్టేయాలా?

రెండవ జవాబు ఇచ్చినవారు

అవసరం లేదండి. బ్యాచ్ సంఖ్య, సోనికేషన్ శక్తి, కలిపిన ద్రవం, అందులో 24 గంటల తరువాత కరిగిన జింక్ మోతాదు, ఈ నాలుగూ ప్రతి ఫలితం పక్కన నమోదు చేయండి. ఎన్ఎం-110 అందాక అదే పద్ధతిలో దానినీ పరీక్షించి పోల్చితే, తేడా పొడిలో ఉందో, మీ విధానంలో ఉందో తెలిసిపోతుంది.