ప్లైవుడ్ గోదాంకు స్ప్రింక్లర్లు: అంతా కర్రే అని ఒకటే క్లాస్ రాసిచ్చిండు, నడుస్తదా?

జడ్చర్ల_గోదాం:
అన్నలకు నమస్తే. జడ్చర్ల దగ్గర, ఎన్‌హెచ్ 44 నుంచి కొంచెం లోపలికి మాది రేకుల గోదాం. ప్లైవుడ్, పార్టికల్ బోర్డు కట్టలు, ఫ్లష్ డోర్లు, ఈ మధ్య డబ్ల్యూపీసీ (కర్రపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) తలుపులు కూడ పెడుతున్నం. మంట లేస్తే పైనుంచి నీళ్లు చల్లే స్ప్రింక్లర్ల కాంట్రాక్టర్ ఒకాయన గేటు కాడ నిలబడి తొంగిచూసి, 'సరుకు: కర్ర, క్లాస్ 2' అని కొటేషన్ ఇచ్చిండు. రేటు తక్కువ, మా సేటుకు నచ్చింది. నాకే మనసొప్పుతలేదు. వెనక గోడకు ఖాళీ ప్యాలెట్లు (సరుకు కింద పెట్టే కర్ర చట్రాలు) ఒకదాని మీద ఒకటి ఎక్కించినం, అవి లెక్కలకు రావా? పోయిన ఎండాకాలం రేకు వెల్డింగ్ చేస్తుంటే రవ్వ పడి ఆ ప్యాలెట్లు అంటుకున్నయి. బకెట్లు పట్టుకొని ఉరికేలోపల మంట కింది నుంచి నాలుగైదు ప్యాలెట్లు ఎక్కింది. పక్కనున్న ప్లైవుడ్ కట్ట మాత్రం అంచు నల్లబడ్డది, అంతే.

పైపుల_పంతులు:
తమ్మీ, ఆ నల్లబడ్డ కట్టలనే సగం జవాబుంది. క్లాస్ అంటే సరుకు ఎంత మండుతదో చెప్పే మెట్టు, నంబర్ పెరిగితే మంట ఎక్కువ. స్ప్రింక్లర్లకు అమెరికా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 13 కర్రను పేరు చూసి కొలవదు, ఏ రూపంలో ఉందో చూస్తది. నున్నటి అంచుల ప్లైవుడ్, పార్టికల్ బోర్డు సందు లేకుండ పేర్చినవి క్లాస్ 2, ఎందుకంటే మంటకు లోపలికి దారి లేదు. తలుపులు, కిటికీలు, కర్ర ఫర్నిచర్ క్లాస్ 3. ఫ్లష్ డోర్ల మూలలకు థర్మోకోల్ పెట్టి పంపుతరు కద, అది ఘనపరిమాణంలో 5 శాతం దాటితే క్లాస్ 3 కూడ చాలదు. డబ్ల్యూపీసీకి కంపెనీ కాగితం అడుగు. కలిపింది పాలిథిలీన్ అయితే గ్రూప్ ఏ ప్లాస్టిక్, అంటే బాగ మండే రకం, అది వేరే కథ, పైపుల సైజు, పంపు, ట్యాంకు అన్నీ పెరుగుతయి. గట్టి పీవీసీ అయితే గ్రూప్ సీ, తక్కువ మండే రకం. అన్నీ ఒకటే షెడ్డుల కలిసి ఉంటే, మామూలుగ పెద్ద క్లాస్‌కే డిజైన్ చేస్తరు.

మిర్యాలగూడ_మిల్లు:
ఖాళీ ప్యాలెట్లను ఆ క్లాసులల్ల వెతకకండి, వాటికి నిబంధనలే వేరు. చుట్టూ గాలి, ఎండిన చెక్క, పైనుంచి పడే నీళ్లు కింది చెక్కకు అందవు. పొయ్యిల కట్టెలు పేర్చినట్టే. లోపలే ఉంచాల్నంటే 6 అడుగుల ఎత్తు దాటొద్దు, ఒక కుప్పల నాలుగు దొంతరలకు మించొద్దు, కుప్పకూ కుప్పకూ 8 అడుగులు ఖాళీ. అంతకు మించితే డిజైన్ వేరే చెయ్యాలె. మేమైతే బయట పడేసినం, గోడకు ఆనించి కాదు, దూరంగ. ఇంకోటి, సరుకు కింద కర్ర ప్యాలెట్ల బదులు ప్లాస్టిక్‌వి పెడితే క్లాస్ ఇంకో మెట్టు ఎక్కుతది, అవి బలానికి రీఇన్‌ఫోర్స్ చేసినవైతే రెండు.

జడ్చర్ల_గోదాం:
టేపు పట్టి కొలిచిన, ప్యాలెట్లు 11 అడుగుల 4 అంగుళాలు. కాంట్రాక్టర్‌కు ఫోన్ చేస్తే 'ప్యాలెట్లు సరుకు కాదు కద సార్' అంటుండు. సేటును గేటు దాటించి, ఆ మసిపట్టిన మూల దాక తీస్కపోయిన. ఏం అనలే, మసిని వేలితో గీకి చూసిండు. రేపు పాత ప్యాలెట్లు లారీకి ఎక్కిస్తున్నం. డబ్ల్యూపీసీ కంపెనోళ్లు ఇంక కాగితం పంపలే.