కెమెరా కొన్నా ఫోన్ ఫొటోలే బాగుంటున్నాయి, ఎందుకంటారు?

కొర్లగుంట కుర్రోడు:
అందరికీ నమస్తే. మాది తిరుపతి. తెలిసినాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కానన్ 1500డి తీసుకున్నాను, దాంతో వచ్చిన 18-55 లెన్స్ ఒక్కటే ఉంది. మొన్న గంగ జాతరకు (జనం మొక్కుకుని రకరకాల వేషాలు కట్టే మా ఊరి జాతర) మెడలో వేసుకుని తాతయ్యగుంట వీధులన్నీ తిరిగాను. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే సగం ఫొటోల్లో మొహాలు చెదిరిపోయి ఉన్నాయి, మిగతావి పట్టపగలు తీసినవి కూడా మసకమసకగా ఉన్నాయి. నా పక్కనే నిలబడి మా తమ్ముడు ఫోన్‌లో తీసినవి మాత్రం తళతళలాడుతున్నాయి, వాడి ముందు పరువు పోయింది. అంతా ఆటోలోనే పెట్టి తీశా. చీకటి పడితే చాలు దానంతటదే ఫ్లాష్ లేచి కొడుతుంది, ఎదురుగా ఉన్నోళ్ల మొహాలు పాలిపోయి వెనకంతా నల్లగా వస్తుంది. వచ్చే నెల మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్, ఫొటోలు నేనే తీస్తానని ముందే చెప్పేశా, ఇప్పుడు టెన్షన్‌గా ఉంది. లెన్స్ మార్చాలా, కెమెరానే మార్చాలా, లేక నాకే చేతకావట్లేదా? తలకోన కూడా పోవాలనుంది. జలపాతం తెల్లగా, మెత్తగా జారుతున్నట్టు తీస్తారే, అదెట్లో కూడా చెప్పండి.

చంద్రగిరి వాసి:
కెమెరాను ఏమీ అనొద్దు తమ్ముడూ, అది మంచిదే. ఫోన్ నువ్వు ఒక్కసారి నొక్కితే లోపల వరసగా కొన్ని ఫొటోలు తీసి, వాటిని కలిపి, నీడలో ఉన్నదాన్ని వెలిగించి, రంగులు దట్టించి చేతికిస్తుంది. పైగా దాన్ని అరచేయంత తెర మీద చూస్తాం, చిన్న చిన్న లోపాలు కనపడవు. నీ కెమెరా ఇంత హడావిడి చేయదు, వెలుతురు పట్టే సెన్సర్ ఫోన్‌లో దానికన్నా పెద్దది కాబట్టి వివరాలు ఎక్కువ పడతాయి గానీ ఏం కావాలో దానికి నువ్వు చెప్పాలి.

మొహాలు చెదిరాయంటే నూటికి తొంభై పాళ్లు షట్టర్ స్పీడ్ గొడవే, అంటే షట్టర్ ఎంతసేపు తెరుచుకుని ఉంటుందో ఆ లెక్క. చెదిరిన ఫొటో ఒకటి తీసుకుని దాని వివరాలు చూడు, 1/30 అనో 1/20 అనో ఉంటుంది, సెకనులో అన్నో వంతు అని. చేయి వణుకు పడకూడదంటే లెన్స్ ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర ఉందో దాన్ని 1.6తో హెచ్చించుకో, 55 దగ్గర అది 88 అవుతుంది, అంటే కనీసం 1/100 ఉండాలి. అది నీ చేతి వణుకు వరకే. ఎదుటివాడు డప్పుకు చిందేస్తుంటే 1/500 కావాలి, లెన్స్‌లో వణుకు తగ్గించే స్టెబిలైజర్ ఉన్నా సరే, అది నీ చేతిని కాస్తుంది తప్ప వాడి కాళ్లను ఆపదు కదా.

పైన చక్రాన్ని టీవీ (Tv, షట్టర్ స్పీడ్ మనం పెట్టుకునే మోడ్) అన్న దగ్గరికి తిప్పు, 1/500 పెట్టు, ఐఎస్ఓ (వెలుతురును ఎంత పెంచి చూపాలో ఆ అంకె) ఆటోలో వదిలేయ్. సాయంత్రమయ్యేసరికి ఎఫ్ నంబర్ (లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్పేది, నంబర్ తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువ) మిణుకుమిణుకుమంటుంది, వెలుతురు చాలట్లేదని అర్థం, అప్పుడు 1/250కి దిగు. ఐఎస్ఓ 3200 దాకా పోయినా భయపడకు. ఫొటో గింజలు గింజలుగా ఉంటే ఎవరూ పట్టించుకోరు, చెదిరిన మొహాన్ని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ సరిగ్గా వెనక్కి తేలేదు. ఈ మోడ్‌లో ఫ్లాష్ కూడా దానంతటది లేవదు, ఆ పీడా వదులుతుంది.

లెన్స్ పిచ్చోడు:
ఇంత చదువు ఎందుకన్నా, 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్స్ కొనుక్కోమనండి, పని అయిపోతుంది. చవకగా దొరికే లెన్స్‌ల్లో అదొకటి. కిట్ లెన్స్ 55 దగ్గర ఎఫ్/5.6 కన్నా తెరుచుకోదు, దాంతో పోలిస్తే ఇది దాదాపు పదింతల వెలుతురు లోపలికి తెస్తుంది. వెనకంతా మెత్తగా కరిగిపోతుంది. ఫంక్షన్‌కి ఇదే కరెక్ట్.

కొర్లగుంట కుర్రోడు:
చంద్రగిరి అన్నా, చూశాను, మీరన్నట్టే అన్నీ 1/25, 1/40. థ్యాంక్స్ అన్నా. మరి పగటి ఫొటోలు మసకగా ఎందుకొచ్చాయి? అవి 1/400, చెదరలేదు.

బొమ్మలక్క:
ఆ మసకవి బైరాగి వేషాలవి అయుంటాయి, అవునా? ఒళ్లంతా తెల్లగా నామంకొమ్ము పూసుకుని వస్తారు కదా. కెమెరా మీటరు ఎదురుగా ఏమున్నా దాన్ని ఓ మోస్తరు బూడిద రంగు అనుకుని లెక్క కడుతుంది. ఫ్రేమంతా తెలుపే ఉంటే అబ్బో వెలుతురు ఎక్కువైపోయిందనుకుని తగ్గించేస్తుంది, తెల్లటి మనిషి బూడిద రంగులోకి దిగిపోతాడు. బొగ్గు పూసుకున్న తోటి వేషం దగ్గరికి పోతే ఇదే తిరగబడుతుంది, నలుపును వెలిగించబోయి వెనకున్న ఆకాశాన్ని పాడు చేస్తుంది. కాబట్టి బైరాగికి ప్లస్ 1, తోటికి మైనస్ 1. వెనక ఏవీ అని ప్లస్ మైనస్ గుర్తున్న బటన్ ఉంటుంది, అది నొక్కి పట్టుకుని పైన చక్రం తిప్పాలి. ఆటోలో ఉంటే ఇది పనిచేయదు. మనిషి మారినప్పుడల్లా మార్చుకోవాలి, విసుగే గానీ తప్పదు. (తోటి వేషం వాళ్లు తిట్లు లంకించుకుంటే నవ్వుతూ తీసుకోవాలి, అది మొక్కులో భాగమే.)

ఇంకో సంగతి. మే నెల ఎండలో మధ్యాహ్నం ఎంత మంచి కెమెరా పెట్టినా కళ్ల కింద నల్లటి గుంటలు పడతాయి. ఏదైనా మిద్దె నీడలోకి వచ్చినప్పుడు పట్టుకో. షామియానా కింద మాత్రం వద్దు, ఎర్ర గుడ్డ లోంచి దిగే వెలుతురు మొహమంతా ఎర్రగా చేస్తుంది, దాన్ని తర్వాత దిద్దబోతే పక్కనున్న పచ్చ వేపాకులు కూడా చెడిపోతాయి. చిన్నపిల్లలు వేషం కట్టి ఉంటే నిలబడి పైనుంచి తీయకు, వాళ్ల ఎత్తుకు గొంతుక్కూర్చో. వెనక కరెంటు తీగలు, ఫ్లెక్సీలు తప్పించుకోవడానికి కూడా అదే దారి. ఫోకస్‌కి మధ్య పాయింటు ఒక్కటే పెట్టుకుని కంటి మీద ఆనించు.

లెన్స్ సంగతికొస్తే, ఆ 50 లెన్స్ నీ కెమెరా మీద 80 లాగా పనిచేస్తుంది (ఆ 1.6 లెక్కే), అంటే ఇరుకుగా చూపిస్తుంది. కల్యాణ మండపంలో చుట్టాలంతా స్టేజీ మీద వరసగా నిలబడితే గోడకు ఆనుకున్నా సగం మందే పడతారు. కొనుక్కో, వద్దనను, కిట్ లెన్స్ మాత్రం సంచిలో ఉండాలి.

లెన్స్ పిచ్చోడు:
అక్కా, గ్రూప్ ఫొటోల విషయంలో మీ మాటే కరెక్ట్. ఒప్పుకుంటున్నా. అమ్మాయి ఒక్కదాన్ని తీయడానికి మాత్రం 50 ఉండాల్సిందే, ఎఫ్/1.8లో కాదు, 2.8లో, లేకపోతే ఒక కన్ను ఫోకస్‌లో ఉండి రెండోది పోతుంది.

చంద్రగిరి వాసి:
మండపంలో ఇంకోటి. మన కరెంటు 50 హెర్ట్జ్, కొన్ని ఎల్ఈడీలు, ట్యూబ్‌లైట్లు సెకనుకు నూరు సార్లు మినుకుతాయి, కంటికి తెలియదంతే. అక్కడ 1/500 పెడితే ఒక ఫొటో వెలుతురుగా, ఇంకోటి మురికిగా, ఒక్కోసారి అడ్డంగా చారలు కూడా పడతాయి. 1/100 దగ్గర ఆగు. అక్షింతలు వేసేటప్పుడు ఎవరూ పరిగెత్తరు కాబట్టి అది చాలు. వీడియో అతని లైట్ ఎటు పడుతోందో చూసుకుని దానికి కొంచెం పక్కగా నిలబడు. వీలైతే రా ఫైల్‌గా (కెమెరా ఏమీ దిద్దకుండా దాచే ఫైల్) కూడా తీసి పెట్టుకో, మొహాలు పసుపెక్కితే ఇంటికొచ్చి సరిచేసుకోవచ్చు.

తలకోనకు ట్రైపాడ్ లేకుండా పోవద్దు. 270 అడుగుల నుంచి పడే నీళ్లు మెత్తగా కనపడాలంటే షట్టర్ అర సెకను దాకా తెరుచుకుని ఉండాలి, అంతసేపు చేతిలో నిలవదు. ఐఎస్ఓ 100, ఎఫ్/16, రెండు సెకన్ల టైమర్. ఎండ ఉంటే అప్పటికీ వెలుతురు ఎక్కువవుతుంది, మబ్బు రోజు పో, లేదా వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ లెన్స్‌కు తగిలించు. పోలరైజర్ ఫిల్టర్ ఉంటే ఇంకా మేలు, తడి బండల మీద మెరుపును తీసేస్తుంది. నీటి తుంపర అద్దం మీద పడుతూనే ఉంటుంది, రెండు మూడు ఫొటోలకోసారి మెత్తటి గుడ్డతో తుడుచుకో. సంచి జిప్ మాత్రం తెరిచి పెట్టకు, కోతులు ఊరుకోవు.