చర్చ: కాలనీ కెమెరాలను పోలీసుల కంట్రోల్ సెంటర్‌కు కలపాలా, వద్దా?

చిక్కడపల్లివాసి:
మా సంక్షేమ సంఘం ఇంటికింత అని చందా వేసి, పోలీసుల 'నేను సైతం' పథకం కింద వీధిలో కెమెరాలు పెట్టిస్తోంది. కెమెరాలంటే నాకు అభ్యంతరం లేదు. కానీ వాటిలో కనిపించేదంతా నేరుగా బంజారాహిల్స్‌లోని కమాండ్ కంట్రోల్ సెంటర్‌కు వెళ్లేలా కలపాలని ఇంకో తీర్మానం ఆదివారం మీటింగ్‌కు వస్తోంది. "తప్పు చేయనివాడికి భయమెందుకు" అంటూ అందరూ సంతకాలు పెట్టేస్తున్నారు. నేనొక్కణ్ని ఆగాను. మీరేమంటారు?

ఖాకీబాబాయ్:
పెట్టేయి తమ్ముడూ. నేను సర్వీసులో ఉన్న రోజుల్లో గొలుసు తెంపుకెళ్లారంటే పాత నేరస్తుల ఫొటోలు ముందేసుకుని కూర్చోవడమే. ఆవిడ ఏడుస్తూ "వీడేనేమో సార్" అనేది. ఇప్పుడు బండి ఏ సందులోంచి వచ్చింది, ఏ చౌరస్తాలో మలుపు తిరిగింది, వాడు హెల్మెట్ ఎక్కడ తీశాడు అన్నీ గంటల్లో తేలుతున్నాయి. గుద్ది పారిపోయిన లారీకైనా, తప్పిపోయిన పిల్లాడికైనా కెమెరాయే దిక్కు. దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలింది 2013లో. జనం గుమికూడే షాపులు, హాళ్లలో కెమెరాలు ఉండాలి, 30 రోజుల రికార్డింగ్ దాచాలి అంటూ ప్రజా భద్రత చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. ప్రైవసీ కావాలంటే ఇంట్లో తలుపేసుకోవాలి. నడిరోడ్డు మీద ప్రైవసీ ఏమిటి?

వకీలమ్మ:
బాబాయ్ గారూ, రోడ్డు మీద నన్ను నలుగురూ చూస్తారు, నిజమే. కానీ నేను ఏ డాక్టరు దగ్గరికి వెళ్లానో, ఏ ధర్నాలో నిలబడ్డానో, ఎవరింటికి ఎన్నిసార్లు వెళ్లానో ఆ నలుగురూ కలిపి రాసిపెట్టుకోరు కదా. బహిరంగ ప్రదేశంలో ఉన్నంత మాత్రాన మనిషి గోప్యత పోదని సుప్రీంకోర్టు ఇచ్చిన పుట్టస్వామి తీర్పులోనే ఉంది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలూ ఏకగ్రీవంగా గోప్యతను ప్రాథమిక హక్కన్నారు. ప్రభుత్వం అందులో వేలు పెట్టాలంటే చట్టం ఉండాలి, సరైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించి పోకూడదు.

ఫోన్ సంగతే చూడండి. 1996లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు పెట్టిన పద్ధతి ప్రకారం ట్యాపింగ్‌కు మామూలుగా హోం కార్యదర్శి ఆదేశం కావాలి. దాన్ని సమీక్షా కమిటీ చూడాలి. ఆదేశం రెండు నెలలకు ముగుస్తుంది, పొడిగించినా మొత్తం ఆరు నెలలు దాటకూడదు. కెమెరాలో కనిపించినవాడి ముఖాన్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌కు ఈపాటి కాగితం కూడా లేదు. నా గొడవంతా అక్కడే.

ఖాకీబాబాయ్:
అన్ని రూల్స్ ఉన్న ఫోన్ల దగ్గర ఏమైందో చూశాం కదమ్మా. కాగితం ఉండి ఏం ఒరిగింది?

వకీలమ్మ:
కాగితం ఉంది కాబట్టే అది కేసైంది సార్. 2024 మార్చిలో పంజాగుట్ట స్టేషన్‌లో పెట్టిన కేసు ఏమిటి? మావోయిస్టుల సమాచారం కోసం ఉన్న పోలీసు నిఘా విభాగం ఎస్ఐబీలో రాజకీయ నాయకుల ఫోన్లు విన్నారని, 2023 డిసెంబరులో ప్రభుత్వం మారే వేళ హార్డ్‌డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపణ. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. కనీసం "ఆదేశం ఎక్కడ, సంతకం ఎవరిది" అని అడగడానికి ఒక పట్టు దొరికింది. రేపు ఎవరో అధికారి కంట్రోల్ సెంటర్‌లో కూర్చుని తనకు పడనివాడి కదలికలు వెతికితే, ఏ రూలు తప్పాడని అడుగుతారు?

బేఏరియాబావ:
మా దగ్గర శాన్‌ఫ్రాన్సిస్కోలో 2019లోనే పోలీసులతో సహా నగర శాఖలేవీ ముఖ గుర్తింపు వాడకుండా నిషేధించారు.

ఖాకీబాబాయ్:
అక్కడ కార్ల అద్దాలు పగలగొట్టి బ్యాగులు ఎత్తుకుపోతున్నారని మీవాళ్లే వీడియోలు పెడుతున్నారు కదయ్యా.

చార్మినార్‌చాయ్:
అమెరికా ఎందుకన్నా, పాతబస్తీ చాలు. 2021 మేలో లాక్‌డౌన్ అప్పుడు ఒక సామాజిక కార్యకర్తను రోడ్డు మీద ఆపి, మాస్క్ తీయమని, తీయనంటే అలాగే ఫొటో కొట్టారు. పోలీసులు ముఖ గుర్తింపు వాడటం మీద ఆయన హైకోర్టుకు వెళ్తే 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసులు వెళ్లాయి. అదే 2021 అక్టోబరులో బండ్లు ఆపి, ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో 'గాంజా' అని కొట్టి వెతికిన వీడియోలు అందరూ చూశారు. తప్పు చేయనివాడికి భయమెందుకు అనేవాళ్లు పోలీసులు గల్లీని చుట్టుముట్టి ఇంటింటా సోదా చేసే కార్డన్ సెర్చ్ జరిగే రాత్రి మా దగ్గర ఉండి చూడాలి.

బాబాయ్ గొలుసు దొంగల గురించి చెప్పారు కాబట్టి మెదక్ సంగతి కూడా చెప్తా. 2023లో గొలుసు దొంగతనం కేసులోనే, సీసీ కెమెరాలో కనిపించినవాడి పోలికలున్నాయని ఒక దినకూలీని పట్టుకెళ్లారు. తర్వాత గాంధీ ఆస్పత్రిలో చనిపోయాడు. స్టేషన్‌లో కొట్టారని కుటుంబం చెప్పింది. హైకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది.

ఖాకీబాబాయ్:
అది ఘోరం. నేను వెనకేసుకు రాను. కానీ కెమెరా కొట్టలేదు కదా, మనుషులు చేసిన పని అది.

చార్మినార్‌చాయ్:
మేం అడిగేది కూడా ఆ మనుషుల గురించే బాబాయ్.

విజయవాడ_వదిన:
మా అమ్మాయి ట్యూషన్ నుంచి చీకటి పడ్డాక వస్తుంది. కెమెరా ఉన్న సందులోంచే రమ్మంటాను, అబద్ధమెందుకు. కానీ ఆ అమ్మాయి రోజూ ఏ టైముకి ఒంటరిగా వస్తుందో తెర మీద చూసేవాళ్లు ఎవరెవరో నాకు తెలియాలి. పోలీసా, కాంట్రాక్టు కుర్రాడా, సంఘం సెక్రటరీ గారి ఫోన్‌లో కూడా వస్తుందా? మా అపార్ట్‌మెంట్‌లో ఇదే టెన్షన్. పాస్‌వర్డ్ వాచ్‌మన్ దగ్గర నుంచి కేబుల్ అబ్బాయి దాకా అందరి దగ్గరా ఉంది.

చిక్కడపల్లివాసి:
సరే, ఆదివారం నేనేం అడగాలి? కొత్త డేటా చట్టం వచ్చింది కదా, అది చూసుకోదా?

వకీలమ్మ:
దాని మీద ఆశ పెట్టుకోకండి. 2023 డేటా రక్షణ చట్టంలో 17వ సెక్షన్ కింద, దేశ భద్రత, శాంతిభద్రతల పేరుతో కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు మొత్తం చట్టం నుంచే మినహాయింపు ఇవ్వొచ్చు.

తీర్మానాన్నే మార్చమనండి. కెమెరాలు రోడ్డును చూడాలి, ఎవరి గుమ్మాన్నీ కాదు. రికార్డింగ్ సంఘం దగ్గరే ఉండాలి, 30 రోజులకు చెరిగిపోవాలి. పోలీసులు అడిగితే వెంటనే ఇవ్వండి, కానీ ఏ కేసుకో, ఏ రోజుదో రాతపూర్వకంగా అడగాలి. ఎవరు ఎప్పుడు తీసుకెళ్లారో రిజిస్టర్‌లో ఎక్కాలి. నేరుగా లైన్ కలపడం మాత్రం వద్దు. ముఖ గుర్తింపుకు చట్టం వచ్చాక అప్పుడు మాట్లాడుకోవచ్చు.

ఖాకీబాబాయ్:
రాత్రి రెండింటికి పిల్లాడు కనపడట్లేదని ఫోన్ వస్తే కానిస్టేబుల్ దరఖాస్తు రాస్తూ కూర్చుంటాడా?

వకీలమ్మ:
అక్కర్లేదు. ముందు చూపించండి, తెల్లారాక కాగితం తీసుకోండి. ఆ మాట కూడా తీర్మానంలోనే రాయండి.

ఖాకీబాబాయ్:
ఇదైతే నడుస్తుంది. ఆ రిజిస్టర్ మాత్రం సెక్రటరీ చేతికి ఇవ్వొద్దు తమ్ముడూ, మీ వీధిలో ఎవరైనా రిటైర్డ్ క్లర్క్ ఉంటే ఆయనకివ్వు.