గాజు పూస తెల్లారేసరికి పగులుతోంది, లోపం ఎక్కడ?

కావలి_పూసలు:
5 లీటర్ల ఆక్సిజన్ కాన్సంట్రేటర్, ఎల్‌పీజీ టార్చి, పూస చుట్టడానికి 2.4 మి.మీ. స్టీలు పుల్లలు. గాజు కడ్డీలు 104 సీవోఈవి (వేడికి గాజు ఎంత సాగుతుందో చెప్పే అంకె), పైన చుక్కలకు మాత్రం పగిలిన చేతిగాజుల ముక్కలు. పూస కాగానే వర్మిక్యులైట్ (వేడిని ఆపే తేలికపాటి ఖనిజపు రవ్వ) డబ్బాలో గుచ్చుతున్నా. రాత్రి బాగానే ఉంటుంది, తెల్లారి చూస్తే చుక్క చుట్టూ గీత. కొన్నయితే బెజ్జం దగ్గర్నుంచి నిలువునా రెండు చెక్కలు. బట్టీ కొనక తప్పదా? పనిలో పని, గూడూరు ఇసుకతో మనమే గాజు కాచుకోవచ్చా?

ఒంగోలు_బట్టీ:
అవి రెండు వేరే జబ్బులండీ. చుక్క చుట్టూ గీత పడితే రెండు గాజులకూ పొత్తు కుదరలేదని. చల్లారేటప్పుడు ఒకటి ఎక్కువ ముడుచుకుని రెండోదాన్ని లాగేస్తుంది. చేతిగాజుల సీవోఈ ఎంతో అమ్మేవాడికీ తెలీదు. కడ్డీనీ ముక్కనీ పక్కపక్కన అతికించి, ఒకదాంట్లో ఒకటి కలవకుండా కాచి, మంట బయటికి తెచ్చి సన్నటి దారం జానెడు లాగండి. చల్లారాక తిన్నగా ఉంటే వాడుకోవచ్చు. విల్లులా వంగిందా, వంపు లోపలివైపు గాజు ఎక్కువ ముడుచుకున్నట్టు. ఆ ముక్క పారెయ్యండి.

నిలువు చీలిక మాత్రం చల్లార్పులో తప్పు. వర్మిక్యులైట్ నిదానంగా చల్లారుస్తుందంతే, అనీల్ చెయ్యదు, అంటే గాజు లోపలి ఒత్తిడి తియ్యదు. 104 గాజుకు 510 డిగ్రీల దగ్గర అరగంట నుంచి గంట ఉంచి, గంటకు 50 చొప్పున 370 దాకా దించి ఆఫ్ చెయ్యాలి. మధ్యలో కరెంటు పోతే తలుపు తియ్యకండి, లోపలి వేడి లోపలే ఉండనివ్వండి. బట్టీ ఇప్పుడే కొనక్కర్లేదు. డబ్బాలో బతికిన పూసల్ని పోగేసి, ఎవరి బట్టీలోనైనా చల్లగా ఉండగా పెట్టి మెల్లగా వేడెక్కించి ఒకేసారి అనీల్ చేసుకోవచ్చు.

డబ్బాలో పెట్టే ముందు మంట చివర అరనిమిషం తిప్పండి, ఎర్రదనం పోయాకే గుచ్చండి. ఎర్రగా ఉండగా పెడితే రవ్వలు అంటుకుంటాయి. మధ్యాహ్నం మీ సముద్రపు గాలి కిటికీలోంచి నేరుగా పూస మీదకి కొడుతుందేమో, అదీ చూడండి.

గూడూరు_ఇసుక:
చిల్లకూరు, కోట వైపు సిలికా ఇసుక గాజు ఫ్యాక్టరీలకు వెళ్ళేదే. అయినా ఒట్టి సిలికా కరగాలంటే 1700 డిగ్రీలు కావాలి. సోడా, సున్నం కలిపినా పెద్ద కొలిమి పనే, టార్చికి లొంగదు. ఆ ఆశ వదిలెయ్యండి.

అసలు భయం చేతిగాజుల రంగులతో. ఎరుపు, పసుపుల్లో కాడ్మియం ఉండొచ్చు, పొగ ముఖానికి రాకుండా ఎగ్జాస్ట్ బల్ల మీదే ఉండాలి. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, లీకైతే నేలమీదే పరుచుకుంటుంది. పైన ఫ్యాన్ ఒక్కటే చాలదు, గడప దగ్గర కూడా గాలి ఆడాలి.

కావలి_పూసలు:
లాగి చూశా. ఎర్రది కొడవలిలా వంగింది, ఆకుపచ్చది తిన్నగానే వచ్చింది.

ఒంగోలు_బట్టీ:
అయితే ఆ ఒక్క ఆకుపచ్చ గాజుకే ఆ లెక్క. ఇంకో డజనులోది ఇంకో కొలిమిది కావచ్చు, మళ్ళీ లాగాల్సిందే. పూస పుల్లకి పట్టేస్తే ముందు నీళ్ళలో నానబెట్టి తిప్పండి. గాజు అంటకుండా పుల్లకి పూసిన పూత బెజ్జంలో మిగిలితే అదీ నీళ్ళలోనే గీకాలి, పొడి పీల్చకూడదు.