తిరుపతిలో ట్రాపికల్ థీమ్ బార్ అండ్ రెస్టారెంట్ పెట్టొచ్చా?

రేణిగుంట రోడ్డు: పోయిన నెల బెంగళూరులో ఇలాంటి చోటుకు వెళ్లాం. వెదురు పైకప్పు, ఈత చాపల గోడలు, డ్రమ్స్ మోత, ఎక్కడ చూసినా చెక్కతో చెక్కిన పెద్ద ముఖాలు. పక్క టేబుల్ దగ్గర పిల్లలు పైనాపిల్ జ్యూస్ తాగుతుంటే వాళ్ల నాయన ముందు రమ్ము, కొబ్బరి క్రీమ్ కలిపిన పీనా కొలాడా. ఎవరూ వింతగా చూడలేదు. మన ఊళ్లో బార్ అంటే ఇంకా మసక లైట్లే. ఆడవాళ్లు గడప తొక్కలేరు. ఇక్కడ ఇలాంటిది ఎందుకు రాకూడదు?

తిరుచానూరు అక్క: వద్దు తమ్ముడూ. తలనీలాలిచ్చి కొండ దిగిన కుటుంబాలు ఆకలితో హోటల్ వెతుక్కునే ఊరు ఇది. బోర్డు మీద కొబ్బరిచెట్టు, పండ్ల బొమ్మలు చూసి పిల్లల్ని తీసుకుని లోపలికి పోతే? మామూలు బార్ అయితే బయటినుంచే తెలిసిపోతుంది.

చిత్తూరు మామిడి: అక్కా, మందు, మాంసం నిషేధం కొండమీద. కింద బార్లు ఎప్పటినుంచో ఉన్నాయి. బోర్డు మీద బార్ అని పెద్దక్షరాల్లో రాయిస్తే మీరన్న ఇబ్బంది ఉండదు. నాకు నచ్చనిది ఆ చెక్క ముఖాలు. అమెరికాలో 1933లో మద్యనిషేధం ఎత్తేశాక హాలీవుడ్‌లో డాన్ బీచ్ అనే ఆయన పెట్టిన బార్‌తో ఊపందుకున్న ఫ్యాషన్ అది. వాటిని టికీలంటారు. పసిఫిక్ దీవుల పాలినేషియన్లకు అవి దేవుళ్ల, పూర్వీకుల రూపాలు. న్యూజిలాండ్ మావోరీల కథల్లో టికీ అంటే మొదటి మనిషి. ఆ ముఖాలతోనే మగ్గులు చేసి రమ్ము పోస్తున్నారు. ఎక్కడో పరాయిదేశంలో మన స్వామి ముఖంతో మగ్గు చేసి మందు పోస్తే ఊరుకుంటామా? ఏడుకొండల కింద కూర్చుని ఇంకొకరి దేవుడికి ఆ పని చేయడానికి నాకు మనసొప్పదు.

రేణిగుంట రోడ్డు: అన్నా, ముఖాలు తీసేస్తే థీమ్ ఏం మిగులుతుంది? అన్ని బార్లలో అదీ ఒకటైపోతుంది.

చిత్తూరు మామిడి: మిగలకేం? కర్కాటక రేఖకు ఎంతో దిగువన ఉన్నాం, ట్రాపికల్ అంటే మనమే గదబ్బా! తాటాకు పందిరి వేయించు. పచ్చి తోతాపురి మామిడికాయ సన్నగా కోసి, ఉప్పూకారం అద్ది గ్లాసు అంచున గుచ్చు. గుజ్జు కావాలంటే ఫ్యాక్టరీలు మన చిత్తూరు జిల్లాలోనే ఉన్నాయి. గిట్టుబాటు ధర రాక రైతులు ట్రాక్టర్లతో ఆ ఫ్యాక్టరీల గేట్ల ముందు పడిగాపులు కాస్తుంటే బయటినుంచి పైనాపిల్ సిరప్ తెప్పించడం ఏం న్యాయం? మందు ముట్టనివాళ్లకు నన్నారి షర్బత్, తాటిముంజలు పెట్టు.

తిరుచానూరు అక్క: ముంజలు బాగానే ఉన్నాయి గానీ, తాగినవాళ్లు ఇంటికెట్లా పోతారు? వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటి బండి నడిపితే కేసు. మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రేణిగుంట రోడ్డు మీద రాత్రిపూట లారీలు ఎట్లా పోతాయో నీకు తెలియందా?

రేణిగుంట రోడ్డు: రాత్రి గేటు దగ్గర ఆటోలు ఉండేట్టు ముందే మాట్లాడిపెట్టుకోవాలి అక్కా. టికీలు వద్దన్న మాటకు నేనూ సరే. బార్ మాత్రం రావాలనే అంటాను.

తిరుచానూరు అక్క: ఆటోలు పెట్టినా నా మాట వద్దనే.