40 గజాల పరుగు: గడియారం చూపిన వేగం మైదానంలో ఎంత మిగులుతుంది?

చర్చకు పెట్టిన ప్రశ్న

కాలేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ ముగించి, ఆ ఆట ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌లో అడుగుపెట్టాలనుకునే ఆటగాళ్లు ఏటా ఇండియానాపోలిస్‌లో జరిగే కంబైన్ అనే శారీరక పరీక్షల శిబిరంలో 40 గజాలు, అంటే సుమారు 36.6 మీటర్లు, పరుగెత్తి చూపుతారు. టెక్సస్ యూనివర్సిటీకి ఆడిన జేవియర్ వర్తీ 2024లో ఆ దూరాన్ని 4.21 సెకన్లలో ముగించి, 2017లో జాన్ రాస్ నెలకొల్పిన 4.22 సెకన్ల రికార్డును చెరిపేశాడు. ఈ అంకెకు జట్లు ఇవ్వవలసినదానికన్నా ఎక్కువ విలువ ఇస్తున్నాయని నా అభిప్రాయం. విసిరిన బంతిని అందుకునే రిసీవర్ అయిన రాస్‌ను, జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో సిన్సినాటి జట్టు మొదటి రౌండ్‌లో తొమ్మిదో ఆటగాడిగా ఎంచుకుంటే, తొలి సీజన్‌లో అతను ఒక్క క్యాచ్ కూడా పట్టలేదు. అదే ఏడాది 4.62 సెకన్లు తీసుకున్న మరో రిసీవర్ కూపర్ కప్ మూడో రౌండ్ దాకా ఎదురుచూడవలసి వచ్చింది. 2021లో అతనే 145 క్యాచ్‌లు, వాటితో జట్టును ముందుకు నడిపిన 1,947 గజాలు, బంతిని గోల్ గీత దాటించిన 16 టచ్‌డౌన్‌లతో మూడింటిలోనూ లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచాడు.

మొదటి స్పందన

రాస్ విషయంలో మీరు గాయాలను లెక్కలోకి తీసుకోలేదండీ. మరుసటి ఏడాది అతను పట్టిన 21 క్యాచ్‌లలో ఏడు టచ్‌డౌన్‌లు అయ్యాయి. పరుగు చివర ఆటగాడు సెకనుకు దాదాపు పది మీటర్ల వేగంతో ఉంటాడు కనుక, 0.2 సెకన్ల తేడా అంటే రెండు మీటర్లు. వెనకబడిన డిఫెండర్ చేయి చాచినా అందని దూరం అది. పైగా వేగానికి ఫలితం క్యాచ్‌ల పట్టికలోనే కనిపించాలని లేదు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో 100 మీటర్ల స్వర్ణం గెలిచిన బాబ్ హేస్, ఆ మరుసటి ఏడాది డాలస్ తరఫున ఆడుతూ వెయ్యి గజాలు దాటాడు. అలాంటివాడిని ఒక్కరే కాపలా కాయలేక ప్రత్యర్థులు ఇద్దరిని కేటాయిస్తే, బంతి అతనివైపు రాకపోయినా పక్కవాడికి చోటు దొరుకుతుంది.

దానికి జవాబు

మీ ఇద్దరి మాటల్లోనూ నిజముంది కానీ, ఆ గడియారం కొలవనిది ఒకటుంది: ఆగడం. రిసీవర్ పన్నెండు గజాలు దూసుకెళ్లి ఒక్కసారిగా వెనక్కి తిరగాలంటే, నడుము కిందికి దించి, రెండు మూడు పొట్టి అడుగుల్లో ఒంట్లోని వేగమంతా చంపుకోవాలి. ఆ క్షణంలో అతని ఛాతీ ముందే పైకి లేచిందంటే ఎదురుగా అతన్ని కాపలా కాసే కార్నర్‌బ్యాక్ కనిపెట్టేస్తాడు, ఇక 4.3 సెకన్ల పరుగు ఎందుకూ కొరగాదు. నేను ఆట చూసేటప్పుడు బంతిని వదిలేసి ఆ అడుగులనే చూస్తాను.

రిసీవర్ డీకే మెట్‌కాఫ్ 2019 కంబైన్‌లో 40 గజాలను 4.33లో ముగించాడు, మూడు కోన్‌ల చుట్టూ మలుపులు తిరిగే పరీక్షకు మాత్రం 7.38 సెకన్లు పట్టింది. బంతి విసరడమే ప్రధాన పనిగా ఉండే క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ తన కాలంలో తీసుకున్న 7.20 కన్నా అది ఎక్కువ. మరుసటి ఏడాది అక్టోబర్‌లో అరిజోనా ఆటగాడు బుడా బేకర్ బంతిని చేజిక్కించుకుని పారిపోతుంటే, మెట్‌కాఫ్ చాలా వెనకనుంచి గంటకు 36 కిలోమీటర్లు దాటిన వేగంతో తరిమి, గోల్ గీతకు ఎనిమిది గజాల ముందు పడగొట్టాడు. అంత అద్భుతమైన పరుగులో అతను ఎక్కడా ఆగి, దిశ మార్చుకోవలసిన అవసరం రాలేదు.