ఇల్లు కొనడానికి ఇప్పుడు సిద్ధమేనా, ఇంకా ఆగాలా?

ఇంటి ధరలో 20 శాతం డౌన్ పేమెంట్‌కి ఉంది. రిజిస్ట్రేషన్, లోన్ ఫీజులు, మరమ్మతులకు వేరే తీసిపెట్టాం. ఇవన్నీ పోగా మిగిలేది మూడు నెలల ఖర్చులకే సరిపోతుంది. ఉద్యోగం పోయినా ఈఎంఐ ఆగదు కాబట్టి కనీసం ఆరు నెలలది ఉండాలన్నది నా నమ్మకం.

ఈఎంఐ చేతికొచ్చే జీతంలో 30 శాతం. మెయింటెనెన్స్, ఇంటి పన్ను, బీమా దీనికి అదనం. పైగా ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ: 20 ఏళ్ల లోన్‌పై 8 శాతం 10 అయితే ఈఎంఐ సుమారు 15 శాతం పెరుగుతుంది, అంటే జీతంలో దాదాపు 35 శాతం.

డౌన్ పేమెంట్ 15 శాతానికి తగ్గించి ఆ డబ్బు అత్యవసరానికి ఉంచుకుంటే ఈఎంఐ మొదటి నెల నుంచే దాదాపు 32 శాతం అవదా? అలా చేయడం మేలా, లేక అద్దెకూ ఈఎంఐకీ ఉన్న తేడాను నెలనెలా పొదుపు చేస్తూ నిధి నిండేదాకా ఆగాలా? లెక్క తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.